మస్టాంగ్‌కి సమ్మర్ టైర్లు: నేను ఏది కొని చెయ్యి కాల్చుకున్నాను, మీరు ఏది కొనాలి

ముందే చెప్పేస్తున్నా, నేను రేసర్‌ని కాను, మెకానిక్‌ని అసలే కాను. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటూ వారానికి మూడు రోజులు మస్టాంగ్ జీటీలో ఆఫీసుకి వెళ్ళొచ్చే మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. కారు 2019 మోడల్, 5.0 లీటర్ వీ8, 460 హార్స్‌పవర్, పర్ఫార్మెన్స్ ప్యాకేజీ ఉన్నది. ఈ ప్యాకేజీ కార్లకి ఫ్యాక్టరీ నుంచే ముందు 255/40ఆర్19, వెనక 275/40ఆర్19 సైజుల్లో మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ టైర్లు వస్తాయి. అవి అరిగిపోయాక ఇప్పటికి రెండు సెట్లు కొన్నాను. మొదటి సెట్ నా తెలివితక్కువతనానికి కట్టిన జరిమానా, రెండోది ఇప్పుడు కారు కింద ఉంది. గుళ్ళో కలిసినా పొట్‌లక్‌లో కలిసినా ఎవరో ఒకరు "అన్నా, టైర్లు మార్చాలి, ఏం వేయమంటావ్" అని అడుగుతూనే ఉన్నారు కాబట్టి, ఒకేసారి రాసి పెడితే సరిపోతుందని కూర్చున్నా.

టైం లేనివాళ్ళకి నా తీర్పు ఇది. ఇంట్లో ఇంకో కారు ఉండి, మస్టాంగ్‌ని ఎండలోనూ వానలోనూ నడుపుతూ, గడ్డకట్టే చలిలో ఇంట్లో వదిలేయగలిగితే కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ స్పోర్ట్ 02 తీసుకోండి. కొత్తగా కొన్నప్పుడు కారు ఎలా ఉందో అచ్చం అలాగే కావాలి, డబ్బు సంగతి పర్లేదంటే పైలట్ స్పోర్ట్ 4ఎస్. వెనక టైర్లు పొగబెట్టే అలవాటుంటే ఫైర్‌స్టోన్ ఫైర్‌హాక్ ఇండీ 500 వేసుకుని నిశ్చింతగా ఉండండి. ఉన్నది ఈ ఒక్క కారే అయితే మాత్రం సమ్మర్ టైర్ల జోలికే వెళ్ళొద్దు. ఎందుకో చదివే ఓపిక ఉంటే కిందికి రండి.

ఆ చివరి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువమంది తప్పు చేసేది అక్కడే. సమ్మర్ టైరు అనే మాటే మనకి కొత్త. ఇండియాలో షాపుకెళ్ళి టైరు అడిగితే ఇచ్చేది దాదాపు అన్నీ ఇక్కడి లెక్కలో సమ్మర్ టైర్లే, కాకపోతే ఆ పేరుతో ఎవరూ పిలవరు. ఇక్కడికొచ్చాక పేరు విని "టెక్సాస్‌లో తొమ్మిది నెలలు ఎండలే కదా, ఇంకేం" అనుకుంటాం. నిజమే, కానీ ఆ మిగిలిన మూడు నెలల్లో పొద్దున్న ఏడింటికి బయట ఎంత ఉంటుందో చూడండి. వాతావరణం 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే, అంటే సుమారు 7 సెల్సియస్ కంటే కిందికి దిగితే ఈ టైర్ల రబ్బరు బిగుసుకోవడం మొదలవుతుంది. చలికాలంలో సీసాలో కొబ్బరినూనె ఎలా గడ్డకడుతుందో గుర్తుందిగా, సరుకు అదే, వేడి తగిలితే మళ్ళీ మామూలే, కానీ గడ్డకట్టి ఉన్నంతసేపూ అది నూనెలా పనిచేయదు. టైరూ అంతే. రోడ్డులోని సన్నటి గరుకులోకి రబ్బరు సాగి పట్టుకుంటేనే గ్రిప్, గట్టిపడిన రబ్బరుకి ఆ సాగడం ఉండదు.

ఒక జనవరి పొద్దున్న బయట 34 డిగ్రీల ఫారెన్‌హీట్. రోడ్డు పొడిగా ఉంది, మంచు లేదు, వాన లేదు. మా సందులోంచి మెయిన్ రోడ్డు మీదికి కుడివైపు తిరుగుతూ, ఎదురుగా వచ్చే కారు కంటే ముందు ఎక్కేద్దామని యాక్సిలరేటర్ కొంచెం, నిజంగా కొంచెమే, ఎక్కువ తొక్కాను. కారు వెనక భాగం నాకంటే ముందు వెళ్ళాలనుకుంది. చక్రాలు జారకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ సర్దింది కాబట్టి సరిపోయింది, లేదంటే డివైడర్ ఎక్కిన మస్టాంగ్ వీడియోల్లో నాదీ ఒకటి ఉండేది. ఆ వీడియోలు చూసి జోకులన్నీ డ్రైవర్ల మీదే వేస్తారు గానీ, అందులో సగం చల్లటి టైర్ల పనే అని నా గట్టి నమ్మకం.

ఇంకా చలి పెరిగితే గ్రిప్ ఒక్కటే కాదు సమస్య. 20 ఫారెన్‌హీట్ కంటే కింద ఈ టైర్ల మీద కారు కదిలిస్తే ట్రెడ్, అంటే రోడ్డుని తాకే గాళ్ళున్న భాగం, పగుళ్ళిచ్చే ప్రమాదం ఉందని కంపెనీలే హెచ్చరిస్తాయి, ఆ పగుళ్ళకి వారంటీ వర్తించదు. డాలస్‌లో అంత చలా అనకండి. 2021 ఫిబ్రవరిలో కరెంటు పోయి జనం అల్లాడిన ఆ వారం, డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్ట్ దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 19 సెల్సియస్ నమోదైంది. ఏటా అలా రాదు, కానీ 20 కిందికి ఏడాదికి ఒకటి రెండు రాత్రులు వెళ్ళడం మామూలే. ఆ రోజు ఆఫీసుకి వెళ్ళకపోయినా ఫర్లేదనుకునేవాళ్ళకే సమ్మర్ టైరు.

మా ఇంట్లో కామ్రీ ఉంది కాబట్టి నేను తప్పించుకున్నా. కొత్తగా వచ్చి, ఉన్నదంతా పెట్టి మస్టాంగో, కమారోనో, జీఆర్86నో కొనుక్కుని దాంట్లోనే డేకేర్ డ్రాప్ కూడా చేస్తున్న తమ్ముళ్ళకి నేను చెప్పేది అల్ట్రా హై పర్ఫార్మెన్స్ ఆల్-సీజన్ టైర్లు, అంటే ఎండకీ చలికీ రెండిటికీ పనికొచ్చేవి. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4 ఒకటి, కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ డీడబ్ల్యూఎస్06 ప్లస్ ఒకటి. మొదటిదానికి 45,000 మైళ్ళ వారంటీ, రెండోదానికి 50,000. రెండోదాని ట్రెడ్ మీద డీ, డబ్ల్యూ, ఎస్ అని అక్షరాలుంటాయి, అరిగేకొద్దీ ముందు ఎస్ చెరిగిపోతుంది, అంటే ఇక స్నోలో నమ్మకండని, తర్వాత డబ్ల్యూ పోతే వానలో నమ్మకండని. ఆ చిన్న ఏర్పాటు నాకు భలే నచ్చుతుంది. మామూలు రోడ్ల మీద వీటికీ సమ్మర్ టైర్లకీ తేడా తెలియాలంటే మీరు కొంచెం చెడ్డగా నడపాలి. తేడా లేదని కాదు, బ్రేక్ గట్టిగా పడ్డప్పుడూ, ర్యాంప్ మీద వేగంగా తిరిగేటప్పుడూ స్టీరింగ్‌లో స్పష్టంగా తెలుస్తుంది. కానీ ఆ తేడా కోసం జనవరి పొద్దుటి టెన్షన్ కొనుక్కోవాలా అన్నది మీ ఇష్టం.

సరే, సమ్మర్ టైరే కావాలని తేల్చుకున్నారనుకుందాం. ఇప్పుడు సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, చదవడం నేర్చుకోండి, పది నిమిషాల పని. సైజు పక్కన 96వై, 101వై లాంటివి ఉంటాయి. అంకె బరువు లెక్క, 96 అంటే ఒక్కో టైరు 710 కిలోలు మోస్తుంది, 101 అంటే 825. అక్షరం వేగం లెక్క, వై అంటే గంటకు 300 కిలోమీటర్లు, డబ్ల్యూ అంటే 270. ఆస్టిన్ పక్కన 130 టోల్ రోడ్డు మీద 85 మైళ్ళ లిమిట్, దేశం మొత్తంలో అంతకు మించిన లిమిట్ ఎక్కడా లేదు, మరి 186 మైళ్ళ టైరు మనకెందుకని మా బావమరిది వాదన. వేగం కోసం కాదు బావా, ఆ రేటింగ్ రావాలంటే టైరు అంత వేడిని తట్టుకునేలా లోపల బెల్టులు కట్టాలి, ఆగస్టులో 105 ఫారెన్‌హీట్ ఎండలో హ్యూస్టన్ దాకా నాలుగు గంటలు నడిపినప్పుడు పనికొచ్చేది ఆ కట్టుడే. బరువు అంకె, వేగం అక్షరం రెండూ డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్నవాటి కంటే తగ్గకుండా చూసుకోండి, ఎక్కువైతే నష్టం లేదు.

ఇంకో అంకె ట్రెడ్‌వేర్. దీన్ని చూసే జనం ఎక్కువ మోసపోతారు. 4ఎస్ మీద 300 అని, ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ స్పోర్ట్ 02 మీద 340 అని ఉంటుంది. దీని వెనక కథ మన టెక్సాస్‌దే. పశ్చిమాన శాన్ ఆంజెలో ఊరి చుట్టూ 400 మైళ్ళ రూటు ఒకటి ఉంది, కార్లని వరసగా కాన్వాయ్‌లాగా దాని మీద మొత్తం 7,200 మైళ్ళు తిప్పి, ప్రామాణిక టైరుతో పోల్చి ఎంత అరిగిందో లెక్కకడతారు. ఆ ప్రామాణికం 100 అయితే 300 అంటే ఆ రూటులో మూడింతలు మన్నుతుందని అర్థం. అయితే ఆ అంకెని టైరు మీద వేసుకునేది కంపెనీయే, ప్రభుత్వం కాదు. ఒక కంపెనీ జాగ్రత్తగా తగ్గించి వేసుకోవచ్చు, ఇంకోటి ఉన్నదంతా వేసుకోవచ్చు. అందుకే ఒకే కంపెనీ టైర్లని పోల్చుకోవడానికి బాగానే పనికొస్తుంది, ఈ కంపెనీ 300కీ ఆ కంపెనీ 340కీ మధ్య తేడాతో మైళ్ళు లెక్కేసుకోవడం మాత్రం దండగ. పక్కనే ఉండే ఏఏ అనే గ్రేడు కూడా తడి రోడ్డు మీద తిన్నగా వెళ్తూ బ్రేక్ వేస్తే ఎంత పట్టుకుంటుందనే చెబుతుంది, మలుపులో ఎలా ఉంటుందో దానికి తెలీదు.

ఇప్పుడు అసలు టైర్లు.

పైలట్ స్పోర్ట్ 4ఎస్ గురించి కొత్తగా చెప్పేదేముంది, అందరూ మిగతావాటిని దీనితోనే పోలుస్తారు. ట్రెడ్‌లో బయటివైపు పొడి రోడ్డు కోసం ఒక రబ్బరు, లోపలివైపు తడి రోడ్డు కోసం సిలికా ఎక్కువున్న ఇంకో రబ్బరు వాడతారు. నడుపుతుంటే అనిపించేది ఏంటంటే, ఇది దేంట్లోనూ చెడ్డది కాదు. గ్రిప్ వదిలేసేటప్పుడు కూడా చెప్పి వదుల్తుంది, ఉన్నట్టుండి చెయ్యివ్వదు. పైగా ఈ కారు సస్పెన్షన్ సర్దిందే ఈ టైరు పెట్టుకుని. కారుతో వచ్చిన సెట్‌లో ముందువి 22,000 మైళ్ళు, వెనకవి 14,000 మైళ్ళు వచ్చాయి. ధరే దీని జబ్బు. నాలుగూ వేయించి బిల్లు చూస్తే ఇండియా టికెట్ గుర్తొస్తుంది.

ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ స్పోర్ట్ 02 కాంటినెంటల్ వాళ్ళు అమెరికా మార్కెట్ కోసం చేసిన టైరు. యూరప్‌లో ఉన్న మనవాళ్ళు దీన్ని వెతకొద్దు, అక్కడ వాళ్ళది స్పోర్ట్‌కాంటాక్ట్ 7 దొరుకుతుంది. ఇప్పుడు నా కారుకి ఉన్నవి ఇవే. 4ఎస్ పక్కన పెట్టి చూస్తే స్టీరింగ్ తిప్పిన మొదటి క్షణంలో ఒక పిసరు మెత్తగా అనిపిస్తుంది, రెండు వారాల్లో అలవాటైపోయింది. వానలో మాత్రం నాకు దీని మీదే నమ్మకం ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసే వానల్లో, కాంక్రీటు మీద నీళ్ళు పారుతుంటే, పక్క లేన్‌లో ట్రక్కు నీళ్ళు కొట్టి అద్దం కనపడకుండా చేసిన క్షణంలో కూడా కారు గీత తప్పలేదు. గోతుల మీద కూడా మెత్తగా వెళ్తుంది, చప్పుడు తక్కువ. రెండిటికీ మైలేజీ వారంటీ 30,000 మైళ్ళే, ధర మాత్రం నేను కొన్నప్పుడు మిషెలిన్ కంటే బాగా తక్కువ. ఆ మిగిలిన డబ్బుతో అలైన్‌మెంట్ చేయించి, ఇంకా మిగిలితే బిర్యానీ తినొచ్చు.

బ్రిడ్జ్‌స్టోన్ పొటెన్జా స్పోర్ట్ నేను కొనలేదు, స్నేహితుడి కార్లో నడిపాను, తలిమెనా రోడ్డు మీద. అది ఓక్లహోమాలో తలిహినా నుంచి ఆర్కన్సాలో మీనా దాకా కొండల వీపు మీదుగా 54 మైళ్ళు, డాలస్‌లో ఉండి మలుపులు చూడక మొహం వాచినవాళ్ళకి అదే తీర్థయాత్ర. ఆ రోడ్డు మీద ఈ టైరు అద్భుతం, చెయ్యి కదిలితే కారు కదిలింది. తిరిగి వచ్చేటప్పుడు హైవే మీద కాంక్రీటు అతుకులు ఒక్కొక్కటీ నడుముకి లెక్క చెప్పింది. సైడ్‌వాల్ గట్టిదనం అంటే ఇదే, ఇటు ఇచ్చి అటు తీసుకుంటుంది. శని ఆదివారాలే బండి తీసేవాళ్ళు తప్పకుండా చూడండి. రోజూ నడిపే నాలాంటి నలభై ఏళ్ళ వాడికి వద్దు.

ఫైర్‌హాక్ ఇండీ 500. ఫైర్‌స్టోన్ 1988 నుంచి బ్రిడ్జ్‌స్టోన్ చేతిలో ఉంది, ఇండీకార్ రేసులకి టైర్లు ఇచ్చేది ఈ బ్రాండే, అందుకే ఆ పేరు. రేసు టైరు కాదు, పేరు చూసి మోసపోకండి. మస్టాంగ్ వాళ్ళలో దీనికి ఇంత పేరెందుకంటే, పై వాటిలో నూటికి ఎనభై పాళ్ళు పనిచేస్తూ చాలా తక్కువకి వస్తుంది. ఆ ఎనభై నా నోటి లెక్కే, ఎవరూ కొలిచింది కాదు. సైడ్‌వాల్ మెత్తన, వేగంగా దిశ మార్చినప్పుడు కారు అర క్షణం ఆలోచించి తిరుగుతుంది, అరిగేకొద్దీ మోత పెరుగుతుంది. కానీ 460 హార్స్‌పవర్ వెనక చక్రాలకే వెళ్ళే కారుకి వెనక టైర్లు అంటే పెన్సిల్‌కి రబ్బరు లాంటివి, వాడితే అయిపోతాయి. ప్రతి సిగ్నల్ దగ్గరా వాడేవాళ్ళు ఖరీదైనది కొనడం దేనికి?

పిరెల్లీ పి జీరో కూడా చాలా స్పోర్ట్స్ కార్లకి ఫ్యాక్టరీ నుంచి వస్తుంది, మంచి టైరే. మీ కారు దానితోనే వచ్చి, మీకు నచ్చి ఉంటే అదే వేసుకోండి, నచ్చకపోతే మారడానికి ఇదే అదను. అంతకంటే చెప్పడానికి నా దగ్గర లేదు.

ఇక నా జరిమానా కథ. కారుతో వచ్చిన సెట్ అరిగినప్పుడు వీడియోలు చూసి చూసి తల తిరిగిపోయి, ట్రెడ్‌వేర్ 200 టైర్లు కొన్నాను. ఆర్‌ఈ-71ఆర్‌ఎస్, ఏ052, ఆర్‌టీ660 ఇలాంటివన్నీ ఆ జాతివి. నేను కొన్నది ఏదో చెప్పను, ఎందుకంటే తప్పు టైరుది కాదు. ఇవి ట్రాక్ మీదికీ, ఆటోక్రాస్‌కీ (కోన్ల మధ్య కారు నడిపే పోటీ) చేసిన టైర్లు, రోడ్డు మీద నడపడానికి చట్టం ఒప్పుకుంటుంది అంతే. పొడి రోడ్డు మీద వేడెక్కాక ఆ గ్రిప్ ఏంటో చెప్పలేను, బంక పూసినట్టు. కానీ నేను ట్రాక్‌కి వెళ్ళింది ఎన్నిసార్లు? క్రెసన్‌లో ఒకసారి, అదీ సగం రోజు. మిగిలిన రోజులన్నీ ఆఫీసు, కాస్ట్‌కో, గుడి. కాంక్రీటు హైవే మీద మోత ఎంతంటే మా ఆవిడ ఫోన్‌లో వాళ్ళమ్మతో మాట్లాడుతూ "రోడ్డు రోలర్ ఎక్కాం అమ్మా, ఇంటికెళ్ళి చేస్తా" అని పెట్టేసింది. అదైనా భరించాను.

మే నెలలో ఒక సాయంత్రం 121 టోల్‌వే మీద వాన పట్టుకుంది. టైర్లు సగం పైగా అరిగి ఉన్నాయి. ఈ రకానికి కొత్తలోనే గాళ్ళ లోతు తక్కువ, గాళ్ళ సంఖ్యా తక్కువ, రోడ్డు మీది నీళ్ళని పక్కకి తోసేది ఆ గాళ్ళే కదా. 60 మైళ్ళ వేగంలో వెళ్తుంటే చేతిలో స్టీరింగ్ బరువు ఉన్నట్టుండి మాయమైంది. టైరు రోడ్డుని వదిలేసి నీళ్ళ మీద తేలడం అంటే అదే. బహుశా ఒక్క సెకను కూడా ఉండదు, కారు తిన్నగానే వెళ్ళింది, మళ్ళీ పట్టుకుంది. పక్కన ఆవిడ ఏం మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోతేనే నాకు భయం. తర్వాతి ఎగ్జిట్‌లో దిగి సర్వీస్ రోడ్డు మీద 35లో ఇంటికొచ్చాం, 9,000 మైళ్ళకే ఆ సెట్ తీసేశాను. 200 టైర్లు కావాలంటే వాటికి వేరే చక్రాలు కొనుక్కుని, ట్రాక్ రోజున మార్చుకోండి. రోజువారీ కారు కింద మాత్రం వద్దు.

పెన్నీ (ఒక సెంటు నాణెం) పరీక్ష అందరికీ తెలిసిందే, లింకన్ తలని కిందికి పెట్టి గాడిలో దూర్చితే తల మొత్తం కనపడితే 2/32 అంగుళాల కంటే తక్కువ మిగిలిందని, అది చట్టం ఒప్పుకునే ఆఖరి హద్దు. వానల్లో నడిపేవాడికి అది చాలా ఆలస్యం. పెన్నీ బదులు క్వార్టర్, అంటే పాతిక సెంట్ల నాణెం, పెట్టండి, వాషింగ్టన్ తల మొత్తం కనపడిందంటే 4/32 కిందికి వచ్చేశారు, కొత్తవి వెతకడం మొదలుపెట్టండి. 2025 జనవరి నుంచి టెక్సాస్‌లో సొంత కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు, మన కౌంటీల్లో పొగ పరీక్ష ఒక్కటే మిగిలింది. అంటే ఏడాదికోసారి మీ టైరు వంక చూసి తల ఊపేవాడు కూడా ఇప్పుడు లేడు.

మస్టాంగ్‌కి ఇంకో తలనొప్పి, ముందు వెనక సైజులు వేరు. ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి సమానంగా అరగదీసే అవకాశం లేదు. దీనివల్ల రెండు చోట్ల దెబ్బ. ఒకటి, వెనకవి ముందే అరిగిపోతాయి, నాకు వచ్చిన 22,000, 14,000 తేడా అదే. రెండు, చాలా కంపెనీలు ఇలాంటి కార్లలో వెనక టైర్లకి మైలేజీ వారంటీ సగమే ఇస్తాయి, 30,000 అని పెద్దక్షరాల్లో ఉన్నది వెనకవాటికి 15,000 అన్నమాట. చిన్నక్షరాలు చదవండి. వెనక రెండే మార్చాల్సి వస్తే ముందున్న మోడలే వేయండి. ముందు ఒక కంపెనీ, వెనక ఇంకో కంపెనీ వేసి నడిపితే మామూలుగా తెలీదు, వానలో అర్జెంటుగా లేన్ మారినప్పుడు ముందూ వెనకా రెండు వేరే కార్లలా ప్రవర్తిస్తాయి. అందుకే మొదటిసారి కొనేటప్పుడే, ఏడాది తర్వాత ఇదే మోడల్ వెనక సైజు మళ్ళీ కొనగలనా అని ఆలోచించుకోండి. కొందరు ఈ గొడవంతా ఎందుకని నాలుగు చక్రాలూ 9.5 అంగుళాల వెడల్పువి కొని, నాలుగిటికీ 275 వేసుకుంటారు. అప్పుడు మార్చి మార్చి వాడుకోవచ్చు, ముందు గ్రిప్ కూడా పెరుగుతుంది. చక్రాలకి డబ్బు పెట్టే ఓపిక ఉంటే మంచి పద్ధతే.

హైదరాబాద్ నుంచి మా బాబాయి కొడుకు అడిగాడు కాబట్టి అక్కడివాళ్ళకి రెండు ముక్కలు. చలి గొడవ మీకు లేదు, ఆ పేజీ తిప్పేయండి. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతి మీద ఆంక్షలున్నాయి, ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, కాబట్టి ఇక్కడ నేను చెప్పే మోడల్ అక్కడ దొరక్కపోవచ్చు. దొరికేవాటిలో తడి రోడ్డు గ్రిప్ చూసుకోండి, మరీ సన్నటి సైడ్‌వాల్‌కి పోకండి, మన గోతులకి రిమ్ముతో సహా సమర్పించుకోవాలి.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు చూసుకోవాల్సినవి కూడా నేను దెబ్బ తిని నేర్చుకున్నవే. టైరు మీద డాట్ అని మొదలయ్యే కోడ్ ఆఖరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2324 అంటే 2024లో 23వ వారం. రాయితీలో వచ్చిందని సంబరపడి చూస్తే అది మూడేళ్ళ నాటి సరుకు కావచ్చు, కారుకి బిగించక ముందే చూసి వద్దని చెప్పండి. నా రెండో సెట్ బిగించిన షాపులో, పేరు అనవసరం, ముందు కుడి టైరు తిరగేసి వేశారు. ఈ టైర్లకి లోపలివైపు, బయటివైపు వేరు, బయటివైపు ఆ మాట ఇంగ్లీషులో అచ్చు వేసి ఉంటుంది. మూడు రోజులు కారు ఒక వైపు లాగుతుంటే అలైన్‌మెంట్ అనుకుని తల పట్టుకున్నా, చివరికి కారు కడుగుతూ చూస్తే మూడు చక్రాలకి కనిపించే అక్షరాలు నాలుగో దానికి కనపడలేదు. వెనక్కి తీసుకెళ్తే నవ్వి మార్చారు. నాకు నవ్వు రాలేదు.

రోడ్ హజార్డ్ వారంటీ అనే అదనపు ఖర్చు చాలా ఊళ్ళల్లో దండగే అంటాను, కానీ ఫ్రిస్కో, ప్రాస్పర్ వైపు ఉండేవాళ్ళు తీసుకోండి. సందుకో కొత్త ఇల్లు కడుతున్నారు, రోడ్డు నిండా మేకులు. మేకు ట్రెడ్ మధ్యలో దిగి, చిల్లు పావు అంగుళం లోపుంటే లోపలి నుంచి ప్యాచ్ వేసి బాగుచేస్తారు. అంచు దగ్గర, సైడ్‌వాల్‌లో దిగితే కొత్త టైరే గతి. పైగా నా కార్లో స్టెప్నీ లేదు, గాలి నింపే కిట్ ఒకటి ఇచ్చి దేవుడి మీద భారం వేశారు.

కొత్త టైర్లతో పాటు అలైన్‌మెంట్ చేయించకపోతే లోపలి అంచు ముందు అరిగి, బయటి నుంచి చూస్తే కొత్తగా, లోపల తీగలు బయటపడి ఉంటాయి, కాబట్టి అక్కడ పిసినారితనం వద్దు. నట్లు 150 ఫుట్-పౌండ్లకి బిగించాలి, యాభై మైళ్ళ తర్వాత ఇంకోసారి చూడాలి. కొత్త రబ్బరు మీద అచ్చు నుంచి తీసేటప్పటి జిగట పొర ఉంటుంది, మొదటి 500 మైళ్ళు మెల్లగా పోనివ్వండి, షాపులోంచి బయటికొస్తూనే స్నేహితులకి చూపించబోవద్దు. గాలి ప్రతి 10 ఫారెన్‌హీట్ తగ్గుదలకి దాదాపు 1 పీఎస్ఐ తగ్గుతుంది, నవంబర్‌లో మొదటి చలిగాలి వచ్చిన పొద్దున్న డాష్‌బోర్డ్‌లో లైటు వెలిగితే పంక్చర్ అని కంగారు పడకుండా ముందు గాలి కొట్టించండి.

ఇప్పుడు నా వెనక టైర్లు క్వార్టర్ పరీక్షకి అటూ ఇటూగా ఉన్నాయి, బయటేమో చలి మొదలవుతోంది. ఇప్పుడే కొత్తవి వేస్తే మూడు నెలలు గ్యారేజీలో కూర్చుంటాయి. అందుకే ఫిబ్రవరి ఆఖరు దాకా ఆగి, వసంతం వానలు మొదలయ్యే లోపు అదే ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ స్పోర్ట్ 02 వెనక జత తెప్పించి వేయిస్తాను. ఈ లోపు వాన పడిన రోజున కామ్రీ తాళాలు నావి. ఆవిడతో ఒప్పందం అయిపోయింది, బదులుగా ఆ రోజు డేకేర్ పికప్ కూడా నాదే.